నలభై దాటిన మగవాళ్లతో, కొలెస్ట్రాల్ గురించి కొంచెం గట్టిగా

నలభై దాటిన మగవాళ్లు నలుగురు కలిస్తే షుగర్ గురించి మాట్లాడుకుంటారు, బీపీ గురించి మాట్లాడుకుంటారు. ఎవరికి ఎంత ఉంది, ఏ మాత్ర వాడుతున్నారు అన్నది దాపరికం లేకుండా చెప్పుకుంటారు. కొలెస్ట్రాల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో బోర్డర్‌లో ఉందన్నారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఎంత ఉందని అడిగితే గుర్తుండదు. అందులో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఎంత, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ ఎంత అంటే అసలే తెలియదు. షుగర్ బాగా పెరిగితే దాహం వేస్తుంది, రాత్రిళ్లు లేవాల్సొస్తుంది, కాలి మీద పుండు మానదు. కొలెస్ట్రాల్ పెరిగితే పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా ఒంట్లో ఏమీ తెలియదు. తెలిసే రోజుకి చాలామంది అంబులెన్సులో ఉంటారు.

నేను డాక్టర్ని కాను. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. రిస్కు అనే మాటని అంకెల్లో చదవడం నా పని కాబట్టి, ఇంట్లో ఒక కేసు చూశాక ఈ విషయం మీద దొరికిన పరిశోధనలన్నీ చదివాను. చదివినకొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. కొలెస్ట్రాల్ రిపోర్టులో ఈ ఏడాది ఎంత వచ్చిందని చూసి వదిలేస్తున్నాం. ఆ స్థాయితో ఇప్పటికి ఎన్నేళ్లు గడిచాయి, ఇంకా ఎన్నేళ్లు గడవబోతున్నాయి అని చూడాలి. అలా చూస్తే నలభై రెండేళ్ల మనిషికి ఎల్‌డీఎల్ 150 ఉండటం పట్టించుకోకుండా వదిలేసే విషయం కానే కాదు.

ఇంట్లో కేసంటే మా పెద్దమ్మ కొడుకు. యాభై ఒకటో ఏట గుండెపోటు వచ్చింది. సన్నగా ఉంటాడు, మందు లేదు, సిగరెట్ మానేసి చాలా కాలమైంది. పొద్దున్నే నడిచే మనిషి. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఆఫీసు వాళ్లే ఏటా హెల్త్ చెకప్ చేయిస్తారు. స్టెంట్ వేసి ఐసీయూలో పెట్టాక, ఇన్సూరెన్సు కాగితాల కోసం వదిన ఇచ్చిన ఫైలు నేను తిరగేశాను. రిపోర్టులన్నీ ఏడాది వారీగా పంచ్ చేసి పెట్టి ఉన్నాయి. ఎల్‌డీఎల్ వరసగా 148, 156, 151, 158. ప్రతి దాని పక్కనా "బోర్డర్‌లైన్ హై" అని సన్న అక్షరాల్లో అచ్చు. హెచ్‌డీఎల్ ఏ ఏడూ 36 దాటలేదు. రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, ఒక్కసారీ 200 కిందికి రాలేదు. చివరి పేజీలో కంప్యూటర్ వేసిన సలహా అన్ని ఏళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే: నూనె పదార్థాలు తగ్గించండి, రోజూ నడవండి. గుండెపోటుకి ఏడు నెలల ముందు చేసిన టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష, నార్మల్. "ఏటా చేయించుకుంటూనే ఉన్నారు కదయ్యా, ఒక్కళ్లూ ఏమీ అనలేదు" అంది వదిన. నిజమే. ఒక్కో రిపోర్టు విడిగా చూస్తే ఎవరికైనా అనడానికి ఏమీ కనిపించదు. అన్నీ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లే లేరు.

ఆ ఫైల్లో కనిపించకుండా జరుగుతూ వచ్చింది ఏమిటో చెబుతాను. రక్తంలో కొలెస్ట్రాల్ ఊరికే తేలుతూ ఉండదు, ప్రొటీన్ తొడుగున్న చిన్న చిన్న రేణువుల్లో ప్రయాణిస్తుంది. వాటిలో ఎల్‌డీఎల్ రేణువులు ధమని గోడ లోపలి పొరలోకి దూరి కొన్ని అక్కడే చిక్కుకుపోతాయి. ఎన్ని రేణువులుంటే అన్ని ఎక్కువ దూరతాయి. వాటిని తినెయ్యడానికి తెల్లకణాలు వస్తాయి, తిని ఉబ్బిపోయి అవీ అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ వాపు, పైన పీచులాంటి ఒక కప్పు. డాక్టర్లు ప్లాక్ అనేది దీన్నే. గుండెపోటు చాలాసార్లు వచ్చేది నాళం మెల్లగా పూడుకుపోయి కాదు. ఆ కప్పు ఒకరోజు చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం నిమిషాల్లో మూసుకుపోవడం వల్ల. చిట్లే ప్లాక్ సగం నాళాన్ని కూడా అడ్డుకుని ఉండకపోవచ్చు. టీఎంటీ పట్టుకునేది రక్తప్రవాహం బాగా తగ్గేంత పెద్ద అడ్డంకిని. అందుకే నెలల ముందు టీఎంటీ నార్మల్ వచ్చినవాళ్లకి కూడా గుండెపోటు వస్తుంది. ఈసీజీ, టూడీ ఎకో బాగున్నాయంటే గుండె ఈరోజు బాగా పనిచేస్తోందని అర్థం. నాళం గోడలో ఏం పేరుకుందో అవి చెప్పవు.

పేరుకోవడం యాభైలో మొదలవదు. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో 300 మంది గుండెల్ని కోసి పరీక్షించి 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. సగటు వయసు 22. అందులో 77 శాతం మంది గుండె ధమనుల్లో కంటికి కనిపించే స్థాయిలో జబ్బు ఆనవాళ్లున్నాయి. యుద్ధానికి పంపేంత ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు వాళ్లు. ఇరవైల్లో మొదలై, ముప్పైల్లో సాగి, నలభై, యాభైల్లో బయటపడే జబ్బు ఇది. వందకి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు గురించి విన్న మనిషి, అసలు ఎంతని అడిగి ఊరుకోడు, ఎప్పుడు తెచ్చావని కూడా అడుగుతాడు. కొలెస్ట్రాల్ దగ్గర ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగడం లేదు.

దానికి జవాబు జన్యువుల్లో దొరికింది. కొంతమందికి పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జన్యువు సరిగా పనిచేయదు. దానివల్ల వాళ్ల లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాగేస్తుంది. అమెరికాలో నడివయసు వాళ్లని పదిహేనేళ్లు గమనించిన ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. ఈ మార్పు ఉన్న నల్లజాతి వాళ్లకి ఎల్‌డీఎల్ మిగతావాళ్లకంటే 28 శాతం తక్కువ. గుండెజబ్బు మాత్రం 88 శాతం తక్కువ. వాళ్లలో బీపీ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు బోలెడుమంది. మందులతో ఐదేళ్లపాటు ఎల్‌డీఎల్‌ని అంతే తగ్గిస్తే ఇంత లాభం రాదు, నాలుగో వంతో, ఐదో వంతో వస్తుంది. అదే తగ్గుదల పుట్టినప్పటినుంచీ ఉంటే జబ్బే దాదాపు రాలేదు. ఎన్నేళ్లు తక్కువగా ఉందన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు నేను చూడలేదు.

ఇంకో అపోహ ఏమిటంటే, ఎక్కడో ఒక గీత ఉంది, దానికి ఇటు ఉంటే క్షేమం, అటు ఉంటే ప్రమాదం అని. టోటల్ కొలెస్ట్రాల్ 200 దాటలేదంటే హమ్మయ్య అనుకుంటాం. అమెరికాలో ఎమ్‌ఆర్‌ఫిట్ అనే అధ్యయనం కోసం 35 నుంచి 57 ఏళ్ల మధ్య మగవాళ్లని పరీక్షించారు, అచ్చంగా మన వయసు వాళ్లే. 1986లో వచ్చిన వ్యాసంలో 3,56,222 మంది లెక్క ఉంది. కొలెస్ట్రాల్ స్థాయిల వారీగా గుండెజబ్బు మరణాలు చూస్తే ఎక్కడా గీత కనబడలేదు. 180 దగ్గర్నుంచే రిస్కు మెల్లగా పైకి లేస్తూ, పోనుపోను నిటారుగా ఎక్కుతుంది. 199కీ 201కీ తేడా ఏమీ లేదు, 180కీ 220కీ చాలా ఉంది. రిపోర్టు మీద గీతలు గీసింది చికిత్స ఎక్కడ మొదలెట్టాలో తేల్చుకోవడానికి. శరీరానికి ఆ గీతలతో పనిలేదు.

మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు వయసు దక్షిణాసియా వాళ్లలో మధ్యస్థంగా 53, మిగతా దేశాల వాళ్లలో దాదాపు 59. ఆరేళ్లు ముందు. మనకి పిల్లలు ఇంజనీరింగ్ చదువుతుంటారు, ఇంటి లోను సగం కూడా తీరి ఉండదు, అప్పుడు. ఇది నగరాల జబ్బని, ఏసీ గదుల జబ్బని అనుకునేవాళ్లకి గోదావరి జిల్లాల లెక్క ఒకటి చెప్పాలి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకి ఇంటింటికీ వెళ్లి కారణాలు ఆరా తీశారు. అన్నిటికంటే ఎక్కువ, 32 శాతం, గుండెజబ్బులూ పక్షవాతాలూ. అంటురోగాలు మూడో స్థానంలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది, పొలం పనులు చేసుకునే ఊళ్లలో.

ఆ పల్లెల్లో ఇలాంటి చావుని మనవాళ్లు ఎలా చెప్పుకుంటారో అందరికీ తెలుసు. "పుణ్యాత్ముడు, మంచం పట్టకుండా పోయాడు." "రాత్రి భోజనం చేసి పడుకున్నాడు, పొద్దున లేవలేదు." ఎనభై ఐదేళ్ల మనిషి అలా పోతే పుణ్యమే. నలభై ఎనిమిదేళ్ల మనిషి పోయినప్పుడు కూడా అదే మాట అనేసి, పదకొండో రోజుకి భోజనాలు పెట్టి, ఎందుకు పోయాడో ఎవరూ అడగకుండానే ఊరుకుంటారు. ఆయన తమ్ముళ్లకి, కొడుకులకి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇక్కడ నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ చావు ఆ ఇంటికి ఇచ్చిన ఒకే ఒక్క సమాచారం అది, దాన్ని కూడా చేతులారా పారేసుకుంటున్నాం.

"మా తాత రోజూ గరిటెడు నెయ్యి వేసుకుని తిన్నాడు, తొంభై ఏళ్లు బతికాడు" అనే వాదన కూడా ఇక్కడినుంచే పుడుతుంది. తొంభై బతికిన తాత గురించి మనవళ్లు చెప్పుకుంటారు. ఆయన తమ్ముడు నలభై ఆరేళ్లకి పొలం గట్టు మీద కుప్పకూలితే ఆయన గురించి చెప్పుకోవడానికి మనవళ్లకి ఆయన తెలియనే తెలియదు. బతికినవాళ్లని మాత్రమే లెక్కేసి సగటు తీస్తే ఏ తిండైనా మంచిదే అని తేలుతుంది. మా ఫస్టియర్ పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు రిపోర్టు చదవడం సంగతి. మనవాళ్లలో ఎక్కువగా కనిపించే తీరు వేరు. మన దేశంలో ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే పెద్ద సర్వే 2014లో ఇచ్చిన లెక్కలో, పరీక్షించిన వాళ్లలో 72 శాతానికి హెచ్‌డీఎల్ తక్కువ, దాదాపు 30 శాతానికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు 14 శాతమే. అంటే మనలో చాలామందికి టోటల్ చూస్తే బాగానే ఉంటుంది, లోపల కూర్పు బాగుండదు. మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో చక్కెర టీలు, పొట్ట చుట్టూ కొవ్వు, రోజంతా కుర్చీ, వీటన్నిటికీ ట్రైగ్లిజరైడ్లతో నేరుగా సంబంధం ఉంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒకాయన రిపోర్టులో టోటల్ 210, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 260. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవవు, 1972లో వచ్చిన ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతాయి: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేస్తారు. 210లోంచి 34, 52 తీస్తే 124. రిపోర్టులో దాని పక్కన "దాదాపు మంచి స్థాయి" అని ఉంటుంది. ఆయన సంతోషంగా ఇంటికెళతాడు. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీయండి. 176. నాన్-హెచ్‌డీఎల్ అంటే ఇదే, నాళం గోడల్లోకి దూరగల రేణువులన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్. రిస్కు తక్కువున్న మామూలు మనిషికే ఇది 130 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈయనకి 46 ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న మనలాంటి వాళ్లకి ఎల్‌డీఎల్ అంకె ధైర్యం చెప్పి మోసం చేసేది ఇలాగే. ఒక్క తీసివేత చేసుకోవడం ఎవరికైనా వచ్చు. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే ఈరోజే తీసి చేసుకోండి.

అదే మార్గదర్శకాల్లో ఇంకో ముఖ్యమైన మాట ఉంది, లైపోప్రొటీన్-ఎ అనేదాన్ని జీవితంలో ఒక్కసారైనా చూపించుకోవాలని. ఇది ఎల్‌డీఎల్‌కి దగ్గరి చుట్టం, దాదాపు పూర్తిగా వంశపారంపర్యం, తిండితో గానీ వ్యాయామంతో గానీ మారదు. డెసిలీటరు రక్తానికి 50 మిల్లీగ్రాములు దాటితే రిస్కు లెక్క మారిపోతుంది. మామూలుగా చేసే కొలెస్ట్రాల్ పరీక్ష, అంటే లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది ఉండదు, విడిగా అడిగి చేయించుకోవాలి. మా అన్నయ్యకి గుండెపోటు తర్వాత చేయిస్తే 94 వచ్చింది. సన్నగా ఉండి, నడిచి, సిగరెట్ మానేసిన మనిషికి యాభై ఒకటికే ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి సగం జవాబు అందులో ఉంది. నాన్న, అన్నదమ్ముల్లో ఎవరికైనా 55 లోపు గుండెపోటు వచ్చిన ఇళ్లలో మగవాళ్లు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి. పిల్లలకి పద్దెనిమిది వచ్చేసరికి ఒక లిపిడ్ ప్రొఫైల్ చేయించమని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి, కుటుంబ చరిత్ర ఉంటే ఇంకా ముందే.

మగవాళ్లు డాక్టరుకి చెప్పని విషయం ఒకటుంది. నడివయసులో అంగస్తంభన సరిగా లేకపోతే అది వయసనీ, టెన్షన్ అనీ సర్దుకుంటారు, లేదంటే ఎవరికీ తెలియకుండా ఆన్‌లైన్లో మాత్రలు తెప్పించుకుంటారు. అక్కడి ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి. నాళాల జబ్బు ముందు అక్కడ బయటపడి, కొన్నేళ్ల తర్వాత గుండె దగ్గర బయటపడటం వైద్యులకి బాగా తెలిసిన విషయం. ఆ రెండింటి మధ్య దొరికే ఆ కొన్నేళ్లు బంగారం లాంటివి. సిగ్గుపడి వాటిని వదులుకోవద్దు. డాక్టరుతో చెప్పండి, లిపిడ్ ప్రొఫైల్, షుగర్, బీపీ చూపించుకోండి.

తిండి గురించి చెప్పాల్సింది ఎంతో ఉన్నా ఇక్కడ కొంతే చెబుతాను. ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసుకునేదే. గుడ్డు పచ్చసొన తీసి పారేస్తూ, సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు తినే మనిషి తప్పు చోట పొదుపు చేస్తున్నాడు. రోజుకి 300 మిల్లీగ్రాములకి మించి కొలెస్ట్రాల్ తినకూడదన్న పరిమితిని అమెరికా వాళ్లు కూడా 2015 ఆహార మార్గదర్శకాల్లో తీసేశారు. ఎల్‌డీఎల్‌ని బాగా పెంచేది సంతృప్త కొవ్వు. నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్దక్షరాల్లో వేస్తారు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, వేరుశనగలోనూ లేదు, పామాయిల్లోనూ లేదు. పామాయిల్లో దాదాపు సగం సంతృప్త కొవ్వు మాత్రం ఉంటుంది. దేశంలో ఆయిల్‌పామ్ ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, ఏలూరు పక్కన పెదవేగిలో దీనికోసం జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. రైతుకి ఆ పంట ఆదాయం ఇస్తుంది, నాకు ఆ పంట మీద కోపం లేదు. కానీ టిఫిన్ సెంటర్ మూకుడులో పొద్దుటినుంచీ మరుగుతూ ఉండే నూనె ఎక్కువగా ఏదో, వారంలో ఎన్ని రోజులు అది తింటున్నామో చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా ఒక పరిమితి ఉంది, అది నిజాయితీగా చెప్పాలి. నడక వల్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, షుగర్, బీపీ అదుపులో ఉంటాయి, ఎల్‌డీఎల్ మాత్రం పెద్దగా తగ్గదు. తిండి బాగా మార్చుకున్నా చాలామందికి పదో, పదిహేను శాతమో దిగుతుంది. 158 ఉన్న మనిషికి 135 అవుతుంది. మంచిదే, కానీ ఆయన రిస్కుకి అది చాలకపోవచ్చు. హెచ్‌డీఎల్ పెంచుకుందాం అంటే, దాన్ని మందులతో పెంచి చూశారు, గుండెపోట్లు తగ్గలేదు; టోర్సెట్రాపిబ్ అనే మందు ప్రయోగంలో మరణాలే పెరగడంతో 2006లో ఆపేశారు. అక్కడే మాత్ర గురించి మాట్లాడాల్సొస్తుంది, మనవాళ్లకి నచ్చనిది కూడా అక్కడే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు అనేసరికి నేను విన్న అభ్యంతరాలు మూడు. మొదటిది, "ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాలి." అవును, వేసుకోవాలి. స్టెంట్ వేయించుకున్నాక కూడా ఇదే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, దాంతోపాటు ఇంకో నాలుగు. మా అన్నయ్య ఇప్పుడు రోజూ వేసుకుంటున్నది 40 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్. అదే మాత్ర నలభై నాలుగో ఏట చిన్న మోతాదులో మొదలై ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. రెండోది, "కెమికల్స్, లివర్ పాడైపోతుంది." ఈ మందు మొదట దొరికింది బూజులో. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాల్ని పరీక్షించి, 1973లో, క్యోటోలోని ధాన్యం దుకాణంలో బియ్యం మీద పట్టిన బూజులో మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నాడు. లివర్ ఎంజైములు కొందరికి కాస్త పెరుగుతాయి, లివర్ నిజంగా దెబ్బతినడం చాలా చాలా అరుదు. మూడోది ఒళ్లునొప్పులు. లండన్‌లో శామ్‌సన్ అనే ప్రయోగం చేశారు, నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందితోనే. కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా. ఏ నెల ఏ మాత్రో వాళ్లకి తెలియదు. మాత్ర లేని నెలల్లో బాధ తక్కువ, మాత్ర ఉన్న నెలల్లో ఎక్కువ, కానీ ఆ పెరిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రకి కూడా వచ్చింది. తమ ఫలితాలు తాము చూసుకున్నాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలెట్టారు. కండరాల నొప్పి నిజంగా వచ్చేవాళ్లు కొద్దిమంది ఉన్నారు, వాళ్లకి మోతాదు మార్చుకోవచ్చు, వేరే మందులున్నాయి. షుగర్ వచ్చే అవకాశం కూడా కాస్త పెరుగుతుంది: 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒకరికి. ఇది దాచాల్సిన విషయం కాదు, గుండెపోటు ఎన్ని తప్పుతున్నాయో దాని పక్కన పెట్టి చూడాల్సిన విషయం.

అలా పెట్టి చూడటానికి స్కాట్‌లాండ్ ప్రయోగం ఉంది. 45 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 6,595 మంది, అప్పటిదాకా ఎవరికీ గుండెపోటు రాలేదు, ఎల్‌డీఎల్ సగటున 192. సగం మందికి ప్రావాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఐదేళ్లు. 1995లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు గానీ గుండెజబ్బుతో మరణం గానీ ఉత్తుత్తి మాత్ర వాళ్లలో వందకి దాదాపు 8 మందికి, మందు వాడినవాళ్లలో వందకి ఐదున్నర మందికి. వందకి రెండున్నర మంది, ఐదేళ్లలో. "ఇంతేనా?" అని నా విద్యార్థులు అడుగుతారు. ఐదేళ్లకి ఇంతే. తర్వాత వాళ్లని ఇరవై ఏళ్లదాకా గమనిస్తూ వచ్చారు, ప్రయోగం అయిపోయాక ఇరువైపులా మందు వాడకం దాదాపు సమానమైపోయింది. అయినా ఆ మొదటి ఐదేళ్ల తేడా ఇరవై ఏళ్ల తర్వాత కూడా మరణాల్లో కనిపిస్తూనే ఉంది. ముందుగా తగ్గించిన కొలెస్ట్రాల్ లాభం తర్వాత కూడా వస్తూనే ఉంటుంది.

నలభై దాటిన ప్రతివాడూ స్టాటిన్ మింగాలని నేననడం లేదు. ఎల్‌డీఎల్ 110 ఉండి, బీపీ, షుగర్, సిగరెట్, కుటుంబ చరిత్ర ఏదీ లేని మనిషికి మాత్రతో పనుండకపోవచ్చు. 190 దాటినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి చర్చే అక్కర్లేదు, డాక్టర్లందరూ ఒకటే చెబుతారు. మధ్యలో ఉన్న మా అన్నయ్యలాంటి వాళ్లే లక్షల్లో ఉన్నారు. వాళ్ల విషయంలో ఎవరో ఒకరు కూర్చుని, వయసు, బీపీ, నాన్న ఎలా పోయారు, నాన్-హెచ్‌డీఎల్ ఎంత, ఇవన్నీ కలిపి చూసి, మాత్ర కావాలో అక్కర్లేదో ఒక నిర్ణయం చెప్పాలి. అక్కర్లేదన్నా సరే, అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవ్వాలి. నూనె తగ్గించండి అని అచ్చు కొట్టి ఇచ్చే కాగితం నిర్ణయం కాదు.

ఈ పని ఒక్కో మనిషి మీద వదిలేస్తే సరిపోదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటినుంచీ మన రెండు రాష్ట్రాల్లో పేదవాడికి స్టెంటూ, బైపాసూ అందాయి, అది గొప్ప సంగతి, ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. 2017లో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరని 29,600 రూపాయలకి కట్టడి చేసింది, అదీ మంచిదే. కానీ డబ్బంతా ప్లాక్ చిట్లిన తర్వాతే కదులుతోంది. ఊళ్లలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ముప్పై దాటిన వాళ్లకి చేస్తున్న పరీక్షల్లో బీపీ ఉంది, షుగర్ ఉంది, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి. కొలెస్ట్రాల్ లేదు. షుగర్, బీపీ ఉందని తేలినవాళ్లకి మాత్రలు ఇస్తున్నారు, వాళ్లలో స్టాటిన్ కూడా కావాల్సినవాళ్లు ఎంతమందో కూడా తేల్చాలి. అటోర్వాస్టాటిన్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే, కంపెనీ పేరు లేని మాత్రయితే రోజుకి కొన్ని రూపాయలకి మించదు. పరగడుపున రావాలన్న నియమం కూడా ఇప్పుడు చాలామందికి అక్కర్లేదని కార్డియాలజిస్టులే చెబుతున్నారు, కాబట్టి వచ్చిన మనిషికి వచ్చినప్పుడే రక్తం తీసుకోవచ్చు. నలభై దాటిన ప్రతి మగవాడికీ ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, రిస్కు ఉన్నవాళ్లకి పీహెచ్‌సీలోనే బీపీ మాత్రతోపాటు స్టాటిన్, యాభై లోపు గుండెపోటుతో పోయిన మనిషి ఇంటికి ఏఎన్‌ఎం వెళ్లి అన్నదమ్ములకీ కొడుకులకీ పరీక్ష రాయించడం. రెండు ప్రభుత్వాలూ ఈ మూడూ మొదలుపెట్టాలి, గోదావరి పల్లెల్లో ఆ 1,354 మరణాల లెక్క తీసిన ఊళ్లతోనే మొదలుపెట్టినా సరే.